ఒకవైపు గొట్టం

మొన్న ఆదివారం హనుమకొండలో మా అక్క ఇంట్లో పదకొండు మందిమి కూర్చుని, నేల విడవకుండా, ఒక విమానాన్ని నాలుగు గంటలు నడిపాం. పైలట్ ట్రైనింగులో ఉన్న మా మేనల్లుడు పొద్దున్నే వాట్సాప్‌లో ఒక్క వాక్యం పంపాడు: "ఇన్‌స్ట్రక్టర్‌ను మార్చుమని అడుగుదామనుకుంటున్న." అది చదివి మా అక్క పొయ్యి ఆర్పేసింది. మా బావ టీవీ ఆర్పేశాడు. ఆ ఇంట్లో ఈ రెండూ ఒకేసారి ఆగడం అంతకుముందు ఒక్కసారే జరిగింది, పిల్లాడి ఎంసెట్ ర్యాంకు తెలిసిన రోజున.

"సారునే మారుస్తడా? గిదేం చోద్యమమ్మా!" అంది బావ వాళ్ళమ్మ.

చోద్యమే మరి. ఆ హాల్లో కూర్చున్న పెద్దల చరిత్ర కొంచెం చెప్పాలి. పిల్లాడు పదో తరగతి దాటినప్పటి నుంచి రెండు కార్పొరేట్ కాలేజీలు మార్పించారు, ముగ్గురు ఫిజిక్స్ సార్లను మార్పించారు. మాస్టారు చాలా బాగా చెబుతున్నాడన్న కారణం మీద కూడా ఒకాయన్ని మార్చారు: "అంత బాగ చెప్తే సిలబస్ ఎప్పుడైతది?" బీపీ రెండు రోజుల్లో దిగకపోతే డాక్టర్ను మారుస్తారు. వాస్తు సిద్ధాంతి చెప్పాడని గేటును ఈశాన్యానికి జరిపారు. ఇంకో సిద్ధాంతి వచ్చి నాలుక కరుచుకుంటే దాన్ని మళ్ళీ పాత చోటికే తెచ్చారు. సిమ్ములు మార్చారు, గ్యాస్ ఏజెన్సీ మార్చారు. ఓటేసి గెలిపించిన మనిషి కండువా మారిస్తే "రాజకీయమన్నంక తప్పదు" అని సమర్థించారు. ఇన్ని మార్చిన చేతులు ఒక్క మనిషి దగ్గర మాత్రం వణికాయి. పిల్లాణ్ణి వెయ్యి అడుగుల ఎత్తుకు తీసుకెళ్ళి, చావకుండా కిందికి దిగడం ఎలాగో నేర్పాల్సిన మనిషి దగ్గర.

లెక్క చెబితే ఈ వణుకు అందం ఇంకా తెలుస్తుంది. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగేది కనీసం 200 గంటల ఫ్లయింగ్. హసన్‌పర్తి దగ్గరి రెండెకరాలు పోగా, బ్యాంకు అప్పు రాగా, మా బావ లెక్కలో ఆ గంటల ధర అర కోటి. అంటే గంటకు పాతిక వేలు, నిమిషానికి నాలుగు వందల పైచిలుకు. రైతు బజార్లో వంకాయ పుచ్చిందేమోనని ఒక్కొక్కటీ తిప్పి చూసే బావ, నిమిషానికి నాలుగు వందలు పెట్టి కొంటున్న చదువును తిప్పి చూడటం అపచారమని తేల్చేశాడు.

అసలు పిల్లాడి బాధేమిటో అడిగే తీరిక సభలో ఎవరికీ లేదు. నేను వరండాలోకి వెళ్ళి ఫోన్ చేశాను. ఫ్లయింగ్ స్కూలు ఎక్కడుందో, పేరేమిటో చెప్పను. చెప్పి లాభం లేదు కూడా, ఈ కథలో ఊరి పేరు మార్చినా కథ మారదు. వాడు చెప్పింది ఇదీ. ముప్పై నాలుగు గంటలు ఎగిరాడు. ఒక్కడే వెళ్ళే సోలో ఇంకా రాలేదు. ప్రతిసారీ ల్యాండింగు చివర్లో, చక్రాలు నేలను తాకే ముందు విమానం ముక్కు మెల్లగా ఎత్తి పట్టాలే, ఆ ఫ్లేర్ దగ్గర సారు మాట్లాడకుండా కంట్రోల్స్ పట్టుకుంటాడు. మొదటి పది రోజులు ఆ దింపుడు తనదేననుకుని పిల్లాడు మురిసిపోయాడు, ఇంటికి వీడియోలు కూడా పంపాడు. కంట్రోల్ చేతులు మారేటప్పుడు "ఐ హావ్ కంట్రోల్" అని ఒకరు, "యూ హావ్ కంట్రోల్" అని ఇంకొకరు పైకి అనాలన్నది ఈ చదువులో ఓనమాలు. విమానం ఎవరి చేతిలో ఉందో ఇద్దరికీ తెలియకపోతే అది ఎవరి చేతిలోనూ లేనట్టే లెక్క. కిందికి దిగాక ఏం తప్పు జరిగిందో కూర్చోబెట్టి చెప్పే డీబ్రీఫింగ్ ఉండాలి. సారు దిగుతూనే సెల్లు తీస్తాడు. "రేపు చూద్దాం" అంటాడు.

"అడిగినవా?" అన్నాను.

"ఒక్కసారి అడిగిన మామయ్యా. లాస్ట్‌ల మీరు పట్టుకున్నరా సార్, అని. నీకు ల్యాండింగ్ కావాల్నా, ముచ్చట కావాల్నా, అన్నడు."

నేను లోపలికొచ్చి ఈ సంగతి చెబితే సభ రెండుగా చీలలేదు. ఒక్కటిగా గట్టిపడింది. "సారు పట్టుకున్నడంటే పిల్లగాని మీద ప్రేమనే గద!" అంది అక్క. "గురువును మార్చుడంటే తల్లిదండ్రులను మార్చుకునుడే" అన్నాడు ఒక పెద్దాయన. ఆయన తన తల్లిదండ్రులను చివరిసారి చూసింది ఏ దసరాకో నాకు తెలుసు గనుక నేను మాట్లాడలేదు. బావ ఒక్కడే నిజం చెప్పాడు: "సారు మనసు నొచ్చుకుంటే సంతకం పెట్టడు. సంతకం పెట్టకపోతే గంటలు కావు. గంటలు కాకపోతే లైసెన్స్ రాదు. లైసెన్స్ రాకపోతే బ్యాంకోడు ఊకుంటడా?" మన గురుభక్తిని గోటితో గీకి చూడండి, కింద సంతకం కనిపిస్తుంది.

విమానం నడపడం నేర్పే ఈ విద్యకు పాత చరిత్ర ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వైమానిక దళంలో ఇన్‌స్ట్రక్టర్లు తమ శిష్యులను "హన్‌లు" అనేవారు. హన్ అంటే వాళ్ళ వాడుకలో జర్మన్ శత్రువు. మనల్ని చంపేది ఎదుటి సైన్యం కాదు, వెనక సీట్లో ఉన్న ఈ కుర్రాడేనని వాళ్ళ బెంగ. ఆ స్థితిలో 1917లో రాబర్ట్ స్మిత్-బారీ అనే అధికారి గోస్‌పోర్ట్ అనే చోట ఒక స్కూలు పెట్టి ఈ విద్యకు ఒక పద్ధతి తెచ్చాడు. విమానం తిరగబడే ప్రమాదాన్ని తప్పించుకు తిరగడం కాదు, దాంట్లోకి తీసుకెళ్ళి బయటపడటం నేర్పాలన్నాడు. శిష్యుడి చేతికి కంట్రోల్స్ ఇచ్చాడు. ఇంజన్ హోరులో మాట వినబడటానికి ఒక రబ్బరు గొట్టం పెట్టాడు. దాన్నే గోస్‌పోర్ట్ గొట్టం అన్నారు. చాలా విమానాల్లో అది ఒకవైపే పనిచేసేది. గురువు ఊదితే శిష్యుడి చెవిలో పడేది. శిష్యుడి నోటికి గొట్టం లేదు.

నూరేళ్ళు దాటాయి. ఇప్పుడు ఇద్దరికీ హెడ్‌సెట్లున్నాయి, ఇద్దరికీ మైకులున్నాయి. మన పిల్లాడు మాత్రం వరంగల్ నుంచి ఆ పాత రబ్బరు గొట్టాన్ని సూట్‌కేసులో పెట్టుకునే వెళ్ళాడు. అమ్మ మురుకుల డబ్బాతో పాటు సర్ది ఇచ్చింది. ఎల్‌కేజీలో "చేతులు కట్టుకో, నోటి మీద వేలు" దగ్గర మొదలైన గొట్టం అది. ఇంటర్లో పొద్దున ఐదింటి స్టడీ అవరుకు ఇంకా బలపడింది. రోడ్డు మీద "ఏ గొట్టంగాడైతే నాకేంది" అని మీసం తిప్పే జాతి మనది. సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నాక మాత్రం ఆ గొట్టంగాడు ఏం ఊదితే అదే వేదం.

వేదం అంటే గుర్తొచ్చింది. సభలో ఒక పంతులుగారున్నారు, గురుద్రోహం గురించి పావుగంట మాట్లాడారు. ఆయనకు యాజ్ఞవల్క్యుణ్ణి గుర్తుచేశాను. మన పురాణాల్లో ఇన్‌స్ట్రక్టర్ను మార్చిన ఘనుడు ఆయనే. వైశంపాయనుడికి కోపం వచ్చి, నేను చెప్పిన చదువంతా తిరిగి ఇచ్చి పో అన్నాడు. ఫీజు వాపసు లేదు సరికదా, సిలబస్సే వాపసు అడిగిన మొదటి సంస్థ అది. యాజ్ఞవల్క్యుడు నిక్షేపంగా కక్కేశాడు. సహాధ్యాయులు తిత్తిరి పక్షులై వచ్చి ఆ కక్కిన వేదాన్ని ఏరుకు తిన్నారు, అదే తైత్తిరీయమైంది. ఆయన మాత్రం నేరుగా సూర్యుడి దగ్గర చేరి శుక్ల యజుర్వేదం నేర్చుకున్నాడు. ఇన్‌స్ట్రక్టరంటే అట్లా ఉండాలి, డ్యూటీ దిగకుండా ఆకాశంలోనే. "మరి ఆ యాజ్ఞవల్క్యుణ్ణి తమరు ద్రోహి అంటారా, ఋషి అంటారా?" అన్నాను. పంతులుగారు చాయ్ తాగారు. ఆయన రోజూ చదువుకునేది ఆ పక్షులు ఏరుకున్న శాఖే, అందుకని నేనూ పొడిగించలేదు.

గురువు మీద గౌరవంతో నోరు నొక్కుకోవడం ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి పురాణాలు అక్కర్లేదు. 1977 మార్చి 27న టెనెరిఫే ద్వీపంలో పొగమంచు. కేఎల్ఎం జంబో జెట్ కెప్టెన్ వాన్ జాంటెన్ మామూలు కెప్టెన్ కాదు, ఆ కంపెనీలో 747 శిక్షణకు పెద్ద దిక్కు. కంపెనీ ప్రకటనల్లో ఉండే ముఖం ఆయనది. పక్క సీట్లోని కో-పైలట్‌కు ఆ విమానం మీద పరీక్ష పెట్టి పాస్ చేసింది కూడా ఆయనే. టేకాఫ్ అనుమతి రాకుండానే ఆయన పరుగు మొదలుపెట్టాడు. వెనక కూర్చున్న ఫ్లయిట్ ఇంజనీరు, రన్‌వే మీద పాన్ ఆమ్ విమానం ఇంకా ఉందేమోనన్న అనుమానం పైకి అన్నాడు. కెప్టెన్ గట్టిగా కొట్టేశాడు. ఆ తరవాత కాక్‌పిట్‌లో ఎవరూ రెట్టించలేదు. 583 మంది పోయారు. విమానయాన చరిత్రలో ఇప్పటికీ అంతకు మించిన ప్రమాదం లేదు. కాక్‌పిట్‌లో చిన్నవాడు పెద్దవాడికి ఎదురు చెప్పడాన్ని ఒక సబ్జెక్టుగా ప్రపంచమంతా నేర్పడం మొదలైంది ఆ తరవాతి ఏళ్ళలోనే.

దూరం ఎందుకు, మంగళూరు విమాన ప్రమాదం. 2010 మే 22. దారిలో గంటన్నర పైగా కెప్టెన్ నిద్రలో ఉన్నాడని రికార్డరు చెప్పింది. ఎత్తు ఎక్కువైందని, దిగొద్దని, చుట్టు తిరిగి వద్దామని కో-పైలట్ అన్నాడు, ఒక్కసారి కాదు. అన్నాడే గాని కంట్రోల్ తీసుకోలేదు. 158 మంది పోయారు. ఈ రెండు కాక్‌పిట్లలోనూ మా అక్క ఇంట్లో జరిగిన మీటింగే జరిగింది. మా దగ్గర చాయ్ ఉంది, నాలుగు గంటల టైముంది. వాళ్ళకు సెకన్లే ఉన్నాయి.

ముప్పై నాలుగు గంటల పిల్లాడు "సార్, నాకు ఇంకొకరి దగ్గర కుదురుతుందేమో" అని నేల మీద అనలేకపోతే, రేపు నూట ఎనభై మందిని వెనక కూర్చోబెట్టుకుని "సార్, దిగొద్దు" అని గాల్లో ఎట్లా అంటాడు? సభలో ఇదే అడిగాను. "అప్పటికి పెద్దోడైతడు గద" అన్నారు. పెద్దవాడై కెప్టెన్ సీట్లో కూర్చుంటాడు, నిజమే. అప్పుడు గొట్టం ఆయన చేతికి వస్తుంది.

నేను పిల్లాడి పార్టీ అనుకోకండి. తిడుతున్నాడని సారును మార్చాలనుకుంటే నేనే వద్దనేవాణ్ణి. తిట్టి, తప్పెక్కడో చెప్పి, మళ్ళీ నీ చేతులతోనే దింపమనే మనిషి దొరికితే కాళ్ళు మొక్కి అక్కడే ఉండాలి. నలుగురైదుగురిని మార్చి, అందరికీ చెప్పడం రాదని తేల్చిన శిష్యరత్నాలూ ఉంటారు. వాళ్ళకు ఆరో ఇన్‌స్ట్రక్టర్ కాదు, ఒక అద్దం కావాలి. ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైన జాతి ఒకటుంది. తియ్యగా మాట్లాడే సారు. "పర్వాలేదు నాన్నా" అంటాడు, లాగ్‌బుక్కులో ఉదారంగా రాస్తాడు. 2011లో రాజస్థాన్‌లో, ఎగరని గంటలను ఎగిరినట్టు రాసుకున్న బాగోతం మీద ఏసీబీ అరెస్టులే చేసింది. విమానం షెడ్డులో, పైలట్ ఇంట్లో, గంటలు మాత్రం ఆకాశంలో. అట్లాంటి సారును మార్చాలని ఏ తల్లిదండ్రులైనా మీటింగు పెడతారా? మిఠాయి డబ్బా పట్టుకుని వెళ్తారు.

స్కూళ్ళ సంగతి కూడా అట్లాగే ఏడ్చింది. 2025 అక్టోబరులో డీజీసీఏ మొదటిసారి దేశంలోని ఫ్లయింగ్ స్కూళ్ళకు ర్యాంకులిచ్చింది. ఏ ప్లస్ ప్లస్, ఏ ప్లస్, ఏ, బీ. పై రెండు మెట్ల మీదా ఒక్క స్కూలూ లేదు. ఎక్కువ భాగం బీలోనే కూర్చున్నాయి. మన ఊళ్ళో ఏ సందులోని ట్యుటోరియల్‌కైనా ఇట్లాంటి ర్యాంకు వస్తే మర్నాటికల్లా ఫ్లెక్సీ మీద "బీ గ్రేడులో ప్రభంజనం" అని వేసేవారు. ర్యాంకు చదవగానే మా బావ అడిగిన ప్రశ్న: "బీ అంటే బెస్టా?"

వరంగల్ వాళ్ళకు విమానాల విషయంలో ఓపిక ఎక్కువ, కారణం మామునూరు. 1930లో నిజాం వేయించిన విమానాశ్రయం. ఆజంజాహి మిల్లు ఉన్న రోజుల్లో విమానాలు దిగిన నేల. 1981కల్లా రెక్కలు ముడుచుకుంది. దేశంలో మామునూరును మించి ఇన్‌స్ట్రక్టర్లను మార్చిన ట్రైనీ లేడు. నిజాం పోయె, హైదరాబాద్ స్టేటు పోయె, ఆంధ్రప్రదేశ్ పోయె, తెలంగాణ వచ్చె, తెలంగాణలోనూ ఒక సర్కారు పోయి ఇంకోటి వచ్చె. వచ్చిన ప్రతి సారూ "ఈ ఏడాది సోలో పంపిస్త" అన్నవాడే. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం ఒకటి చాలా కాలం ఫ్లేర్ దగ్గర కంట్రోల్ పట్టుకుని కూర్చుంది. అది వదిలాక 2025 ఫిబ్రవరి 28న ఢిల్లీ నుంచి అనుమతి వచ్చింది. ఇంకో 253 ఎకరాలు కావాలన్నారు, రాష్ట్రం అంతకుముందే 205 కోట్లు మంజూరు చేసింది. అనుమతి తెల్లారి ఘనత మాదంటే మాదని రెండు పార్టీల వాళ్ళు అక్కడే తోసుకున్నారు. విమానం లేదు, పైలట్ లేడు, లాగ్‌బుక్కులో గంటలు ఎవరి పేరున రాయాలన్న కొట్లాట మాత్రం ముందే దిగింది. భూములు పోతున్న నక్కలపల్లి, గుంటూరుపల్లి రైతులు ఎకరానికి ధర ఎంతని అడిగితే మొదట "రేపు చూద్దాం" అన్న జవాబే విన్నారు. సెల్లు తీసిన సారు జవాబు.

మీటింగు మూడో గంటలో కాజీపేట మామ వచ్చాడు. బావకు చిన్నాయన, రైల్వేలో డ్రైవరుగా రిటైరయ్యాడు. విషయం విన్నాడు. పకోడీ ఒకటి నోట్లో వేసుకుని, "మాకాడ అసిస్టెంటు పోరడు సిగ్నల్ కనవడంగనే గట్టిగ ఒర్రాలె. పచ్చ అని వాడంటడు, పచ్చ అని నేనంట. నాకు కనవడదని గాదు. వాని నోరు నడుస్తుందా లేదా అని. నోరు మూసుకున్న అసిస్టెంటుతోని బల్లార్షా దాక బండి నడుపుడంటే ఒక్కణ్నే పోయినట్టు" అన్నాడు.

"మరి డ్రైవర్ సారుకు కోపమొస్తే?" అంది అక్క.

"ఎర్రను పచ్చ అంటే వస్తది కోపం. ఎర్ర అన్నందుకు ఎందుకొస్తది?"

రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. నాకు ఆశ పుట్టింది. అప్పుడు బావ వాళ్ళమ్మ, "రైలు నేల మీద పోతది, గిది మీద పోతది. దీనికి దానికి లంకె ఏంది?" అంది. సభ ఊపిరి పీల్చుకుని పకోడీల మీదికి మళ్ళింది. నాలుగో గంటలో తీర్మానం అయింది. మార్చొద్దు. సారుకు పెంబర్తి ఇత్తడి కళాతోరణం ఒకటి పంపాలి, కింద పలక మీద ఆయన పేరు చెక్కించి. పిల్లాడు స్వయంగా ఇచ్చి, కాళ్ళకు దండం పెట్టాలి. బావ అక్కడికక్కడే పెంబర్తికి ఫోన్ చేసి, పేరులోని అక్షరాలు ఒక్కొక్కటీ చెప్పి, అడ్వాన్సు ఫోన్‌పే చేశాడు.

బుధవారం నాడు పిల్లాడి దగ్గర్నుంచి ఇంకో మెసేజ్ వచ్చింది. సారు వెళ్ళిపోయాడు. విమాన కంపెనీలో ఉద్యోగం వచ్చిందట. ఆయన ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చున్నది పిల్లలకు నేర్పడానికి కాదు, తన గంటలు నింపుకోవడానికి. ఆ ముప్పై నాలుగు గంటలూ ఆయన లాగ్‌బుక్కులోనూ పడ్డాయి, ల్యాండింగులతో సహా. పోతూ పోతూ శిష్యుల్లో ఎవరికీ ఒక మాట చెప్పలేదు. సంతకాలు కొన్ని పెండింగు. గురువును మార్చడం మహాపాపమని మేం నాలుగు గంటలు కొట్టుకున్నాం, గురువుగారికి శిష్యుణ్ణి మార్చడానికి ఒక ఈమెయిల్ సరిపోయింది.

ఈసారి మీటింగు లేదు. ఫోన్లోనే నడిచింది. బావ వాళ్ళమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "కొత్త సారు మనోల్లేనా?" రెండో ప్రశ్న ఎవరికీ తట్టలేదు. బావ పెంబర్తికి మళ్ళీ ఫోన్ చేశాడు. అప్పటికి పాత పేరు చెక్కడం అయిపోయిందట, దాన్ని గీకితే మచ్చ పడుతుందట. ఇంకోటి చెయ్యమన్నాడు. పక్క నుంచి అక్క గొంతు నాకు వినబడింది.

"ఈసారి పేరు చెక్కియ్యకుమని చెప్పు. ఎన్నాళ్ళుంటడో ఏమో."